పనిబల్ల మీద కొడుక్కి చోటిచ్చిన మెకానిక్

సెల్‌ఫోన్ చేతపట్టిన ఏ కాలేజీ కుర్రవాణ్ణి అడిగినా స్టీవ్ జాబ్స్ పేరు చెబుతాడు. ఆపిల్ కంపెనీ పెట్టినవాడనీ, ఐఫోన్ తెచ్చినవాడనీ వివరం కూడా ఇస్తాడు. ఆయన తండ్రి ఎవరని అడిగితే మాత్రం నీళ్ళు నములుతాడు. తండ్రి పేరు పాల్ జాబ్స్. యుద్ధకాలంలో ఓడమీద పనిచేసి వచ్చిన మాజీ సైనికుడు. వృత్తి మెకానిక్. హైస్కూలు చదువు సగంలో ఆగిపోయింది.

మిలిటరీలో ఏళ్ళ తరబడి బండ్లు బాగుచేసి, పింఛనుతో ఇంటికొచ్చి, బస్టాండు వెనక రేకుల షెడ్డు వేసుకుని, ఆయిలింజన్లూ ట్రాక్టర్లూ రిపేరు చేస్తూ పిల్లల్ని పెద్ద చదువులు చదివించినవాళ్ళు మన పక్కన కూడా లేకపోలేదు. గోళ్ళలో గ్రీజు, చెవిలో పెన్సిలు, జేబులో ఫీజు రసీదు. అలాంటివారికి పాల్ జాబ్స్ కథ పరాయి దేశపు కథలా అనిపించదు. వాల్టర్ ఐజాక్సన్ అనే రచయిత 2011లో వెలువరించిన స్టీవ్ జాబ్స్ జీవిత చరిత్రలో ఈ తండ్రిని గురించిన సంగతులు చాలా ఉన్నాయి. కొడుకు నోటితో చెప్పినవే వాటిలో ఎక్కువ.

ఈత రాకుండానే ఓడ ఎక్కాడు

పాల్ 1922లో పుట్టారు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో, పాడి పశువులున్న రైతు కుటుంబంలో పెరిగారు. తండ్రి తాగుబోతు. ఒక్కొక్కప్పుడు చెయ్యి కూడా చేసుకునేవాడు. ఆ ఇంట్లో పెరిగిన కుర్రవాడు పైకి మోటుగా కనిపించినా లోపల నెమ్మదస్తుడుగా తయారయ్యాడంటే అది విశేషమే.

చదువు మానేసి ఊళ్ళు తిరిగారు. ఎక్కడ పని దొరికితే అక్కడ మెకానిక్ పని చేశారు. పందొమ్మిదో ఏట తీరరక్షక దళంలో చేరారు. అప్పటికి ఆయనకు ఈత రాదు! రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులను ఇటలీకి చేరవేసే పెద్ద ఓడమీద ఆయన్ను వేశారు. యంత్రాల దగ్గర ఆయన పనితనం చూసి పైవాళ్ళు మెచ్చుకున్నారు, ప్రశంసా పత్రాలు ఇచ్చారు. మధ్య మధ్య చిన్న చిన్న తగాదాల్లో ఇరుక్కోవడంతో కింది మెట్టు మీదనుంచి పై మెట్టుకు మాత్రం ఎక్కలేదు. మామూలు నావికుడుగా వెళ్ళి మామూలు నావికుడుగానే తిరిగొచ్చారు. పతకాలు చూపించి కథలు చెప్పుకునే మాజీ సైనికుల కోవలోకి ఆయన రారు.

యుద్ధం ముగిసి ఓడ శాన్ ఫ్రాన్సిస్కో రేవు చేరింది. రెండు వారాల్లో పిల్లను చూసుకుంటానని తోటివాళ్ళతో పందెం వేశారు పాల్. అర్మీనియానుంచి వలస వచ్చిన కుటుంబంలోని క్లారా అనే అమ్మాయితో పరిచయమైంది. ఆమె మొదటి భర్త యుద్ధంలో చనిపోయాడు. పదిరోజులకే, 1946 మార్చిలో, నిశ్చితార్థం జరిగిపోయింది. పందెంలో కుదిరిన ఆ సంబంధం నలభై ఏళ్ళు నిలిచింది.

కొత్త దంపతులు కొన్నాళ్ళు విస్కాన్సిన్‌లో పాల్ తల్లిదండ్రుల దగ్గర ఉండి, తరువాత ఇండియానా రాష్ట్రం చేరారు. అక్కడ ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీలో పాల్‌కు యంత్రపు పని దొరికింది. ఈ పేరు మన రైతులకు పూర్తిగా కొత్తదేం కాదు. 1963లో మహీంద్రావారు ట్రాక్టర్ల తయారీకి దిగినప్పుడు భాగస్వామిగా తెచ్చుకున్నది ఈ కంపెనీనే. మన చేలల్లో దున్నిన బి-275 ట్రాక్టరు ఆ పొత్తులో వచ్చిందే.

కంపెనీ పని పగలు. సాయంత్రాలూ సెలవు రోజులూ పాత కార్లు. మూలపడ్డ కారు కొని, బాగుచేసి, అమ్మడం. క్లారాకు శాన్ ఫ్రాన్సిస్కో మీద బెంగ పోలేదు. 1952లో భర్తను ఒప్పించి మళ్ళీ అక్కడికి మకాం మార్పించింది. ఈసారి పాల్‌కు ఒక ఫైనాన్సు కంపెనీలో ఉద్యోగం దొరికింది. వాయిదాలు కట్టనివాళ్ళ కార్ల తాళాలు తీసి బండి పట్టుకురావడం ఆ ఉద్యోగం. ఫైనాన్సువాళ్ళు ట్రాక్టరు ఎత్తుకుపోయిన ఇంట్లో పొయ్యి వెలగదని మనకు తెలుసు. పిల్లాపాపలకు మెతుకు పెట్టడానికి మనిషి ఎలాంటి పనికైనా ఒప్పుకోవలసి వస్తుంది మరి. అయితే వారికి అప్పటికి పిల్లలు లేరు.

సంతకం పెట్టనన్న తల్లి

పెళ్ళయి తొమ్మిదేళ్ళు కావస్తున్నా సంతానం కలగలేదు. దత్తత తీసుకోవాలని నిశ్చయించారు. 1955 ఫిబ్రవరి 24న శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక మగబిడ్డ పుట్టాడు. కన్నతల్లి పెళ్ళికాని యువతి, విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నది. తన బిడ్డను పట్టభద్రుల ఇంటికే ఇవ్వాలని ఆమె పట్టుదల. ముందు ఒక లాయరు దంపతులు కుదిరారు. ఆడపిల్ల కావాలని వారు తప్పుకున్నారు. బిడ్డ పాల్, క్లారాల చేతికి వచ్చాడు.

పెంచుకునేవాళ్ళలో తండ్రి హైస్కూలు కూడా పూర్తి చేయలేదని తెలిసి కన్నతల్లి దత్తత కాగితాల మీద సంతకం పెట్టనంది. కొన్ని వారాలు అలాగే గడిచాయి. బిడ్డను ఎత్తుకుని తిప్పుతున్నారేగాని వాడు తమవాడో కాదో తెలియదు. చివరకు ఒక షరతు మీద ఆమె మెత్తబడింది. పిల్లవాడి కాలేజీ చదువు కోసం పొదుపు ఖాతా తెరిచి డబ్బు జమచేస్తామని వీరు మాట ఇవ్వాలి. పాల్, క్లారా మాట ఇచ్చారు. ఆ మాట ఎలా నిలబెట్టుకున్నారో చూడండి.

పల్లెల్లో దత్తత అంటే ఇంటిపేరు నిలపడానికీ, ఆస్తి చేయి దాటిపోకుండా ఉండడానికీ అనుకుంటాం. పెంచినవాడి దగ్గర ఆస్తి అంటూ లేదు. ఒక పనిముట్ల పెట్టె ఉంది.

ఆరేడేళ్ళప్పుడు స్టీవ్ ఎదురింటి అమ్మాయితో తాను దత్తు పిల్లవాణ్ణని చెప్పాడు. అయితే నీ సొంత తల్లిదండ్రులకు నువ్వు అక్కర్లేదన్నమాట అని ఆ పిల్ల అడిగింది. కుర్రవాడు ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాడు. తల్లీ తండ్రీ వాణ్ణి కూర్చోబెట్టి, కళ్ళలోకి చూస్తూ, మేము నిన్నే కావాలని ఏరుకున్నామని ఒక్కొక్క మాటా వత్తి వత్తి చెప్పారు. ఒకటికి రెండుసార్లు చెప్పారు. ముసలితనం రాకుండానే పోయిన ఆ కొడుకు చివరిదాకా ఆ మాట మరిచిపోలేదు. వారిని పెంపుడు తల్లిదండ్రులని ఎవరైనా అంటే అతనికి కోపం వచ్చేది.

రెండేళ్ళకు ప్యాటీ అనే ఆడపిల్లను కూడా పెంపకానికి తెచ్చుకున్నారు. స్టీవ్‌కు అయిదేళ్ళప్పుడు ఫైనాన్సు కంపెనీ పాల్‌ను పాలో ఆల్టో పట్టణానికి బదిలీ చేసింది. అక్కడి ఇళ్ళ ధరలు అందలేదు. పక్కనున్న మౌంటెన్ వ్యూలో వరుస ఇళ్ళలో ఒకటి కొనుక్కున్నారు.

ఇదిగో నీ భాగం

ఆ ఇంటి కారు షెడ్డులో పాల్ తన పనిబల్ల వేసుకున్నారు. ఒకరోజు ఆ బల్లమీద ఒక వార కొంత మేర గీత గీసి, ఇకనుంచి ఇది నీ పనిబల్ల అని కొడుక్కి చెప్పారు. తనకు కావలసిన చోటులోంచి తీసి ఇచ్చిన చోటు అది. పిల్లవాడికి సుత్తి పట్టుకోవడం, కొలత తీయడం, రంపం కోయడం నేర్పారు. సాయంత్రం పనినుంచి రాగానే మాసిన బట్టలు తొడుక్కుని షెడ్డులోకి పోయేవారు. వెనకాలే స్టీవ్.

నిజం చెప్పాలంటే కుర్రవాడికి కార్లంటే మోజు లేదు. చేతులకు మసి అంటించుకోవడం అసలే ఇష్టం లేదు. నాన్న దగ్గర ఉండడం ఇష్టం. పాల్ తనకు నచ్చిన కార్ల బొమ్మలు షెడ్డు గోడకు అతికించి, ఈ గీత చూడు, ఈ సీటు కుట్టు చూడు, ఈ మెరుపు చూడు అని కొడుక్కి చూపించేవారు. కార్లలోని కరెంటు సంగతులు విడమరచి చెప్పేవారు. ఎలక్ట్రానిక్సు అనేదాన్ని ఆ కుర్రవాడు మొదట చూసింది కారు బానెట్ కిందే.

అసలు చెప్పుకోవలసింది కంచె సంగతి. ఇంటి చుట్టూ పాల్ చెక్కలతో కంచె కట్టారు. కొడుకును పక్కన పెట్టుకుని కట్టారు. వీధివైపు ఎంత శుభ్రంగా ఉండాలో, ఎవరూ చూడని వెనకవైపు కూడా అంత శుభ్రంగా ఉండాలని ఆయన పట్టుబట్టారు. బీరువా చేస్తే గోడకు ఆనుకునే వెనక చెక్క కూడా మంచిదే వేయాలి. ఇదీ ఆయన పద్ధతి. యాభై ఏళ్ళ తరువాత స్టీవ్ జీవిత చరిత్ర రాసే రచయితను ఆ ఇంటికి తీసుకెళ్ళి కంచె చూపించాడు. అది ఇంకా నిలిచే ఉంది.

మన ఊళ్ళో వడ్రంగి పెద్దలు కూడా మంచం పట్టెల కింది వైపు చెయ్యిపెట్టి చూసేవారు. పైన రంగువేసి కింద పేళ్ళు వదిలేసినవాణ్ణి పనివాడిగా లెక్కకట్టేవారు కాదు.

1984లో వెలువడిన మాకింటాష్ అనే కంప్యూటరు తయారయ్యేటప్పుడు లోపలి సర్క్యూట్ పలక చూడడానికి వికారంగా ఉందని స్టీవ్ పేచీ పెట్టాడు. పెట్టె మూసేస్తాం, ఎవరు చూస్తారన్నారు ఇంజనీర్లు. మంచి వడ్రంగి బీరువా వెనక చెత్త చెక్క వేస్తాడా అన్నాడతను. ఆ మాట ఎక్కడిదో ఇంజనీర్లకు తెలియకపోవచ్చు. మనకు తెలుసు.

తుక్కు కొట్లో బేరం

కాలేజీ ఖాతాలో డబ్బు ఎలా చేరింది? కదలని పాత ఫోర్డు కారు ఒకటి 50 డాలర్లకు కొనేవారు పాల్. కొన్ని వారాలు దాని వెంటపడి బాగుచేసి 250 డాలర్లకు అమ్మేవారు. డాలరు అప్పట్లో మన డబ్బులో ఐదు రూపాయల లోపే. 1966లో రూపాయి విలువ తగ్గించాక ఏడున్నర అయింది. ఇలా మిగిలిన డబ్బు కొడుకు చదువుకు పోయేది. పన్నులవాళ్ళకు నాన్న ఈ లెక్క చెప్పలేదని కొడుకే తరువాత నవ్వుతూ బయటపెట్టాడు.

శని, ఆదివారాల్లో తండ్రీకొడుకులు పాత సామాన్ల దొడ్లకు వెళ్ళేవారు. కార్బురేటరో, జనరేటరో, మరో విడిభాగమో వెతకడం. బేరంలో పాల్ దిట్ట. దానికి కారణం నోటి గట్టితనం కాదు, ఏ సామాను ఎంత చేస్తుందో గల్లా దగ్గర కూర్చున్నవాడికన్నా ఆయనకే బాగా తెలుసు. పక్కన నిలబడి కుర్రవాడు ఆ బేరం వినేవాడు. తరువాత రోజుల్లో అతడు చేసిన బేరాలు పెద్ద పెద్ద కంపెనీలను నీళ్ళు తాగించాయి.

ఒకసారి మాత్రం పాల్ లెక్క తప్పింది. ఇళ్ళ స్థలాల వ్యాపారం జోరుగా సాగుతున్న రోజులవి. వీధిలో ఒకాయన ఆ వ్యాపారంలో బాగా గడిస్తున్నాడు. ఆయనకు సాధ్యమైంది నాకెందుకు కాదనుకుని పాల్ రాత్రి బడికి వెళ్ళి చదివి, లైసెన్సు పరీక్ష ప్యాసయ్యారు. వ్యాపారంలో దిగారో లేదో ధరలు పడిపోయాయి. ఏడాదిపాటు ఇల్లు గడవడం కష్టమైంది. క్లారా ఒక కంపెనీలో లెక్కలు రాసే పనికి కుదిరింది. ఇంటిమీద రెండో తాకట్టు పడింది. నాలుగో తరగతిలో టీచరు, ఈ ప్రపంచంలో మీకు అర్థం కానిది ఏమిటని పిల్లల్ని అడిగితే, మా నాన్నకు ఉన్నట్టుండి డబ్బెందుకు లేకుండా పోయిందో అర్థం కావడంలేదని స్టీవ్ చెప్పాడట.

ఆ వ్యాపారానికి ఎదుటివాణ్ణి పొగడాలి, లేని నవ్వు పులుముకోవాలి. పాల్‌కు అది చేతకాలేదు. చేతకాకపోవడమే కొడుక్కి నచ్చింది. పాల్ మళ్ళీ పానా పట్టుకున్నారు. తరువాత స్పెక్ట్రా ఫిజిక్స్ అనే కంపెనీలో చేరారు. లేజరు పరికరాలు చేసే కంపెనీ అది. ఇంజనీర్లు కాగితం మీద గీసి ఇచ్చిన కొత్త పరికరానికి మొదటి నమూనా ఆయన చేతిమీద తయారయ్యేది.

స్టీవ్‌కు బడిలో అల్లరి పిల్లల బాధ ఎక్కువైంది. స్కూలు మార్చకపోతే ఇక బడికే వెళ్ళనని భీష్మించాడు. వేరే స్కూలు అంటే వేరే ఊరు. దంపతులు ఉన్నదంతా ఊడ్చి 21,000 డాలర్లు పెట్టి లాస్ ఆల్టోస్‌లో ఇల్లు కొన్నారు. ఒక పిల్లవాడి మాట మీద ఇల్లు మార్చడం గారాబమేనని ఈ వ్యాసకర్తకూ అనిపిస్తుంది. కాని ఆ ఇల్లే తరువాత ఎందుకు పనికొచ్చిందో చెప్పబోతున్నాం.

నాన్నకు తెలియని సంగతి

వీధిలో ఉండే ఒక ఇంజనీరు ఇంట్లో స్టీవ్ ఒక మైకు చూశాడు. దానికి ఆంప్లిఫయరు అక్కర్లేదు. ఇంటికొచ్చి నాన్నతో చెప్పాడు. ఆంప్లిఫయరు లేకుండా మైకు పనిచేయదని పాల్ వాదించారు. కుర్రవాడు ఊరుకోలేదు, నాన్నను వెంటబెట్టుకు వెళ్ళి చూపించాడు. పాల్ చూసి ఒప్పుకున్నారు.

నాన్నకు అన్నీ తెలుసుననుకున్న పిల్లవాడికి ఆ రోజు కాళ్ళకింద నేల కదిలింది. తండ్రికన్నా తనకు తెలివి ఎక్కువేమో అన్న ఆలోచన మొదటిసారి వచ్చింది. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. ఆ క్షణాన్ని ఎన్నటికీ మరిచిపోలేనని పెద్దయ్యాక చెప్పాడు. ఇంకో సంగతి కూడా గమనించాడు. వాడి తెలివి ఎక్కువని అమ్మానాన్నలకు అప్పటికే తెలుసు. తెలిసి, దానికి తగ్గట్టు తామే సర్దుకుంటున్నారు. మాట నిలవలేదని మొహం ముడుచుకోని తండ్రి దొరకడం అదృష్టం.

1972లో కాలేజీ వేళ వచ్చింది. దగ్గరలో తక్కువ ఖర్చుతో చదివే చోట్లు ఉండగా స్టీవ్ ఓరెగాన్ రాష్ట్రంలోని రీడ్ కాలేజీలోనే చేరతానన్నాడు. అది బాగా ఖరీదైన కాలేజీ. పాల్, క్లారా వద్దని చెప్పి చూశారు. వినలేదు. కన్నతల్లికి ఇచ్చిన మాట ఉంది. కట్టారు.

కారులో అంత దూరం దించడానికి వెళ్ళారు. ఆవరణలోకి వాళ్ళను రానివ్వలేదు కొడుకు. వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు. తల్లీతండ్రీ లేని అనాథలా, ఎక్కడినుంచో రైళ్ళు పట్టుకుని వచ్చినవాడిలా తోటివాళ్ళకు కనిపించాలని అతని కోరిక. తన జీవితంలో సిగ్గుపడే పనుల్లో ఇది ఒకటనీ, వాళ్ళ మనసు నొప్పించాననీ పెద్దయ్యాక చెప్పుకున్నాడు.

ఇంజినీరింగు కాలేజీ గేటు దగ్గర మాసిన చొక్కాతో నిలబడ్డ తండ్రిని చూసి, ఆయన మా ఊరాయన అని స్నేహితులకు చెప్పిన కొడుకుల గురించి మనం వినలేదా?

ఆరు నెలలకే స్టీవ్ చదువు మానేశాడు. తల్లిదండ్రులు జీవితమంతా కూడబెట్టిన డబ్బు ఫీజుకే అయిపోతోందని మానేశానని 2005లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ చెప్పాడు. ఏ కారణమైనా, ఏళ్ళ తరబడి పాత కార్లు బాగుచేసి కూర్చిన డబ్బు ఆరు నెలల చదువుకు సరిపోయింది. పాల్ అప్పుడేమన్నారో చరిత్రకారులు రాయలేదు.

షెడ్డు ఖాళీ చేశారు

1976 ఏప్రిల్ ఒకటిన ఆపిల్ కంపెనీ పుట్టింది. కంప్యూటరు పలకలు కూర్చడానికి చోటు కావాలి. లాస్ ఆల్టోస్ ఇంట్లో మొదట ఒక పడకగది, తరువాత పాల్ కారు షెడ్డు. పాల్ సగం విప్పిన కార్లను బయట పెట్టారు. షెడ్డులో పొడుగాటి బల్ల వేశారు, గోడకు పలకలు కొట్టారు, చిన్న సామాన్లు వేసుకోవడానికి పేర్లు రాసిన సొరుగులు అమర్చారు. రాత్రంతా వేడిలో ఉంచి పలకలు నిలబడతాయో లేదో పరీక్షించడానికి దీపాలు పెట్టిన పెట్టె ఒకటి తన చేత్తో చేసి ఇచ్చారు. కంప్యూటరు ఎలా పనిచేస్తుందో ఆయనకు తెలియదు. వేడి తగిలితే ఏ అతుకు ఊడుతుందో తెలుసు.

కంపెనీ పెరిగింది. 1980 డిసెంబరులో వాటాలు బజారులోకి వచ్చాయి. స్టీవ్ తల్లిదండ్రులకు దాదాపు 7,50,000 డాలర్ల విలువ చేసే వాటాలు ఇచ్చాడు. వారు కొన్ని అమ్మి ఇంటిమీద ఉన్న అప్పు తీర్చేశారు. తాకట్టు లేని ఇంట్లో పడుకోవడం వారికి అదే మొదలు. కొద్దిమంది స్నేహితులను పిలిచి చిన్న విందు చేశారు, కొడుకూ వచ్చాడు. అంతకన్నా పెద్ద ఇల్లు కొనాలని వారు అనుకోలేదు. ఏడాదికొకసారి ఓడలో విహారయాత్రకు వెళ్ళేవారు, అదే వారి షోకు. వాటిలో పనామా కాలువ ప్రయాణం పాల్‌కు అన్నిటికంటె ఇష్టం. యుద్ధం అయ్యాక ఆయన పనిచేసిన ఓడ శాన్ ఫ్రాన్సిస్కోకు వచ్చింది ఆ కాలువగుండానే.

క్లారా 1986లో కాన్సరుతో చనిపోయింది. ఆమె ఉన్నంతకాలం స్టీవ్ కన్నతల్లిని కలవలేదు, ఆమె నొచ్చుకుంటుందేమోనని. తరువాత కూడా నాన్న అనుమతి అడిగాడు. నాకేం బాధ లేదు, కలువు అన్నారు పాల్. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఎవరో కన్న బిడ్డను ఏరుకుని తెచ్చుకున్న ఈ ఇంటి కొడుకు, 1978లో తనకు పుట్టిన కూతుర్ని కొంతకాలం తన బిడ్డ కాదన్నాడు. తరువాత దారికొచ్చాడు. పనిబల్ల మీద నేర్చినవన్నీ బతుకులోకి ఒక్కసారే రావు కాబోలు.

పాల్ జాబ్స్ 1993 మార్చిలో కన్నుమూశారు. కొడుకు 2011 అక్టోబరు 5న పోయాడు. 2013లో లాస్ ఆల్టోస్ పట్టణంవారు ఆ ఇంటినీ షెడ్డునూ చారిత్రక ప్రదేశాల జాబితాలో చేర్చారు. ఒక కంపెనీ పుట్టిన చోటని చేర్చారు. అంతకు ముందు ఆ షెడ్డులో ఎన్ని కార్లు బాగయి రోడ్డెక్కాయో ఎవరూ రాసి పెట్టలేదు.